మొసలికి ఒక దూరం, మనిషికి ఒక దూరం

జనవరి నెల, ఇంకా తెల్లవారలేదు. శివ్వారం దగ్గర గోదావరి ఒడ్డు. ఎదురుగా నీళ్ళున్నాయని చెవికి తెలుస్తోంది గానీ కంటికి ఆనడం లేదు, మంచు అంత దట్టంగా పరుచుకుంది. అవతలి ఒడ్డున ఏదో ఊళ్ళో గుడి మైకు మొదలైంది. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. అయినా తొడుగులు వేసుకోలేను. ఏ మీట ఎక్కడుందో చీకట్లో వేళ్ళకే తెలియాలి.

సంచి జిప్పు తీస్తాను. ముందు కెమెరా బాడీ, నికాన్ డీ7500. తరువాత రెండు చేతులతో సిగ్మా 150-600. లెన్స్ ఒక్కటే 1,930 గ్రాములు, బాడీతో కలిపితే రెండున్నర కిలోలు దాటుతుంది. తెల్ల చుక్కకు తెల్ల చుక్క ఎదురుపెట్టి తిప్పితే టక్కుమని కూర్చుంటుంది. ముందు అద్దం మీద అప్పుడే మంచు తడి చేరుతోంది. హుడ్ బిగిస్తాను. ఎండను ఆపడానికే హుడ్ అనుకుంటారు చాలామంది. చలికాలం గోదావరి ఒడ్డున అది మంచు నుంచి కూడా అద్దాన్ని కొంత కాపాడుతుంది. మెత్తటి గుడ్డ ఒకటి చొక్కా లోపలి జేబులో ఉంటుంది, ఒంటి వెచ్చదనానికి పొడిగా ఉండాలని.

ఇక్కడ ట్రైపాడ్ తెరవను. నిలువెత్తున నిలబడిన మనిషి నీళ్ళలోని జంతువుకు దూరం నుంచే కనబడతాడు. పాత జీన్స్ కాలు కత్తిరించి కుట్టించి, బియ్యం నింపిన సంచి ఒకటుంది. దాన్ని రాయి మీద పరిచి, మధ్యలో చేత్తో గుంట చేసి లెన్స్‌ను అందులో కూర్చోబెడతాను. నేను ఇసుకలో బోర్లా పడుకుంటాను. చలి ముందు మోచేతులకు తగులుతుంది, తరువాత పొట్టకు. కెమెరా ఇప్పుడు నీటి మట్టానికి జానెడు ఎత్తులో ఉంది. మొసలి కన్ను కూడా ఆ ఎత్తులోనే ఉంటుంది.

వెంట వచ్చిన ఊరి పెద్దాయన కొంచెం వెనక, తుమ్మచెట్టు కింద గొంగడి కప్పుకుని కూర్చున్నాడు.

“ఏడుంటది కాకా?”

“అగో, ఆ బండ. ఆడనే పంటది. జర ఆగు తమ్మీ, ఎండ పడనియ్యి. సలికి అది బయటికి రాదు.”

జైపూర్ మండలంలోని ఈ ఎల్‌మడుగు గోదావరిలో లోతైన చోటు. ఎండాకాలం నది పాయలుగా చీలిపోయినా ఇక్కడ నీళ్ళు నిలుస్తాయి. అందుకే మొసళ్ళు ఈ చోటు ఎంచుకున్నాయి. వాటి కోసమే శివ్వారాన్ని అభయారణ్యం చేశారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ మొసలిది మొదటి షెడ్యూలు, అంటే పులికి ఎంత రక్షణ ఉందో దీనికీ అంతే. అటవీశాఖ అనుమతి తీసుకునే ఇక్కడికి రావాలి, వాళ్ళు చూపించిన చోటు దాటకూడదు.

ఏడు దాటింది. మంచు నీటి మీద నుంచి లేస్తోంది, అడుగు భాగం ముందు తేలిపోయి బండల మొదళ్ళు కనిపిస్తున్నాయి. ఒక బండ మీద నీటికాకి రెక్కలు చాచి ఆరబెట్టుకుంటోంది. లకుముకి పిట్ట ఒకటి నీలంగా మెరిసి దాటిపోయింది. దాని వెంట లెన్స్ తిప్పను. ఈ పొద్దున ఏ కదలికైనా లెక్కే.

బండ అంచున నీళ్ళు కొద్దిగా ఉబ్బాయి. రెండు కళ్ళు, ముక్కు కొస. చాలాసేపు అంతే. ఆ తరువాత ఒడ్డుకు కొట్టుకొచ్చిన దుంగలా మెల్లగా, చప్పుడు లేకుండా మొత్తం శరీరం బండ మీదికి చేరింది. వ్యూఫైండర్‌లో వీపు మీది పొలుసుల వరుస, వాటి మధ్య ఆకుపచ్చటి పాచి, దవడ పక్కన నీటి చుక్క జారడం. 600 మిల్లీమీటర్ల దగ్గర, ఈ ఏపీఎస్-సీ సెన్సార్ మీద, నాకు కనిపిస్తున్నది ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 900 మిల్లీమీటర్ల లెన్స్ పెడితే కనిపించేంత ముక్క. ఊపిరి పీల్చినా ఫ్రేమ్ కదులుతుంది.

ఒక్క ఫోకస్ పాయింటు కంటి మీద. ఎఫ్8, సెకనులో వెయ్యో వంతు, ఐఎస్ఓ 800. ఈ లెన్స్ ఎఫ్6.3 దగ్గరా పనిచేస్తుంది గానీ కొంచెం మూస్తే పొలుసుల అంచులు ఇంకాస్త తేరుకుంటాయి. ఊపిరి సగం వదిలి ఆపి నొక్కుతాను. మూడు ఫ్రేములు, ఆపేస్తాను. ఎండ వీపు మీదికి ఎక్కుతున్నకొద్దీ మొసలి నోరు తెరిచింది. అది కోపం కాదు. ఒంటి వేడిని సరిచూసుకునే పద్ధతి. నాలుక మీది పసుపు, దవడ లోపలి లేత గులాబీ రంగు తెరుచుకున్నాయి. మళ్ళీ మూడు ఫ్రేములు.

ఇంకా దగ్గరికి పోతే? వేళ్ళు ఆ మాట అడుగుతాయి. పోకూడదు. మనల్ని చూసి మొసలి నీళ్ళలోకి జారిందంటే, పొద్దుటి ఎండ దానికి దక్కకుండా చేసినట్టే. ఎండే దానికి ఆకలి తీర్చుకునే బలం. ఈ లెన్స్ నేను కొనుక్కున్నది మొసలిని దగ్గరికి లాక్కోవడానికి కాదు, నేను దూరంగా ఉండడానికి. మొసలి బండ మీద ఎలా పడుకుందో, నేను లేచి వెళ్ళిపోయిన తరువాత కూడా అలాగే పడుకుని ఉండాలి. ఫొటో బాగుందా లేదా అన్నది ఆ తరువాతి మాట.

తొమ్మిదిన్నర దాటేసరికి నీటి మీద గాలి వణకడం మొదలవుతుంది. బండ వేడెక్కి, పైన వేడి గాలి లేచి, ఎంత ఖరీదైన లెన్స్‌తోనైనా పొలుసులు అలికినట్టు వస్తాయి. ఆ వణుకును దిద్దే మీట ఏ కెమెరాలోనూ లేదు. పాకుతూ వెనక్కి జరిగి, చెట్టు చాటుకు వచ్చాక లేచి నిలబడతాను.

“పడ్డదా తమ్మీ?”

తెర వంచి చూపిస్తాను. పెద్దాయన కళ్ళు చికిలించి చూసి, “నేను ఇన్నేండ్ల సంది సూస్తున్న, దాని నాలికె పచ్చగుంటదని ఇయ్యాల్నే ఎరికైంది,” అంటాడు. పొద్దుటి చలికి అంతకంటే వెల అక్కర్లేదు.

*

జైపూర్ రోడ్డు మీదికి వచ్చేసరికి లోకం రంగు మారింది. జాతీయ రహదారి 63 మీద టిప్పర్ల వరుస. ఒక్కోటి దాటిపోయినప్పుడల్లా సన్నటి నల్లటి పొడి గాలిలో నిలిచి, ఎండ పడి మెరిసి, మెల్లగా రోడ్డు పక్క ఆకుల మీదికి దిగుతుంది. ఇందారం దిక్కు ఓపెన్‌కాస్ట్ మట్టి గుట్టలు ఆకాశాన్ని అడ్డంగా కోస్తున్నాయి. ఈ గాలిలో లెన్స్ మార్చాలి.

కారు పక్కకు ఆపి, అద్దాలన్నీ ఎత్తి, ఇంజను, ఫ్యాను ఆపేస్తాను. దుమ్ము కుదురుకునే దాకా ఒక నిమిషం కూర్చుంటాను. కెమెరా ఆఫ్ చేసి, మౌంటు నోరు నేలవైపు ఉండేలా పట్టుకుంటాను. పెద్ద లెన్స్ విప్పడం, మూత పెట్టడం, 10-20 వైడ్ లెన్స్ తొడగడం, అన్నీ ఒకే ఊపులో. ఆ రెండు మూడు సెకన్లే సెన్సార్ ఉన్న గదికి తలుపు తెరిచి ఉండేది. ఊళ్ళో పెళ్ళి ఫొటోలు తీసేవాళ్ళకు లెన్స్ మార్చడం లెక్కలో లేని పని. బొగ్గు పట్టీలో అది నేర్చుకోవలసిన విద్య.

జైపూర్ దాటాక పెగడపల్లి దగ్గర, పత్తి చేను గట్టు మీద దిగుతాను. ఎదురుగా సింగరేణి థర్మల్ విద్యుత్ కేంద్రం. 600 మెగావాట్ల యూనిట్లు రెండు, మొత్తం 1,200 మెగావాట్లు. 2016 ఆగస్టు 7న ప్రధాని దీన్ని జాతికి అంకితం చేశారు. ఎత్తుగా, సన్నగా నిలిచినది చిమ్నీ. నడుము సన్నగా, అడుగు వెడల్పుగా ఉన్నవి కూలింగ్ టవర్లు. వాటి నోటి నుంచి తెల్లగా పొర్లి వస్తున్నది పొగ అనుకుంటారు, అది నీటి ఆవిరి. బొగ్గు కాలిన వాయువులు పోయేది చిమ్నీ గుండా. ఫొటో తీసేవాడికి ఈ తేడా తెలిసి ఉండాలి. లేకపోతే ఆవిరిని పొగగా చూపించి అబద్ధం చెబుతాడు, చిమ్నీని వదిలేసి నిజం దాస్తాడు.

గట్టు మీద నిలబడి మొదటి ఫ్రేమ్. తెర మీద చూస్తే ఆవిరి మురికి బూడిద రంగులో ఉంది. కెమెరా తప్పేమీ లేదు. దానిలోని మీటరుకు లోకంలో తెల్లనిది, నల్లనిది తెలియదు. దేనిమీదికి తిప్పినా సగటున మధ్యస్థమైన బూడిద రంగు వచ్చేలా వెలుతురు కొలుస్తుంది. తెల్లటి ఆవిరిని తగ్గించి బూడిద చేస్తుంది, నల్లటి బొగ్గును పెంచి బూడిద చేస్తుంది. అందుకే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మీట నొక్కి, చక్రం తిప్పి ప్లస్ ఒకటికి తెస్తాను. ఆవిరి తెల్లబడింది. హిస్టోగ్రామ్‌లో కుడి కొస గోడకు తగలకుండా చూస్తాను. తగిలితే ఆవిరిలోని మడతలు చెరిగిపోయి వట్టి కాగితం మిగులుతుంది.

అదే సమయానికి రోడ్డు మీద బొగ్గు టిప్పరు ఆగింది. టార్పాలిన్ అంచు జారి, పెళ్ళలు ఎండకు నిగనిగలాడుతున్నాయి. చక్రం వెనక్కి తిప్పుతాను, మైనస్ ఒకటి. ఇప్పుడు బొగ్గు బొగ్గులా ఉంది. విరిగిన ముఖాల మీద మెరుపు, పగుళ్ళలో చీకటి. పక్క చేనులో ఆడవాళ్ళు వంగి చివరి పత్తి ఏరుతున్నారు, నడుముకు కట్టుకున్న చీర ఒడులు నిండి ఉబ్బి ఉన్నాయి. పత్తికి ప్లస్, బొగ్గుకు మైనస్. ఈ మండలంలో ఫర్లాంగు దూరంలోనే చక్రాన్ని రెండు కొసలకూ తిప్పాలి. ఆటో మీద వదిలేసిన కెమెరాకు ఈ నేల అంతా ఒకే బూడిద.

వైడ్ లెన్స్‌కు ఇంకో గుణం ఉంది. కొద్దిగా పైకెత్తినా చిమ్నీ వెనక్కి పడిపోతున్నట్టు వాలుతుంది. తెర మీద మట్టం గీత తెప్పించి, కెమెరాను అడ్డంగా, నిలువుగా సరిచేస్తాను. కింద పత్తి చేను ఎక్కువగా వస్తుంది, రానివ్వాలి. టవర్ల పాదాల దగ్గర చేను ఉందన్నదే ఇక్కడి నిజం. పోలరైజర్ మాత్రం ఈ లెన్స్‌కు పెట్టను. ఇంత వెడల్పు ఆకాశంలో ఒక పక్క ముదురు నీలం, ఒక పక్క లేత నీలం పట్టి మచ్చగా కనిపిస్తుంది.

ఒక కుర్రవాడు బైకు ఆపి అడుగుతాడు, “ఏం దీస్తున్నవన్నా? లోపలికి పోవద్దట గదా.”

“లోపలికి పోను తమ్మీ. రోడ్డు మీదికెంచి కనబడేదే తీస్త.”

ప్రహరీ లోపల తీయాలంటే సంస్థ అనుమతి కావాలి. ఇక్కడ దూరాన్ని కొలిచేది గేటు. దాని బయట నిలబడి కూడా చెప్పవలసినదంతా చెప్పవచ్చు. 10 మిల్లీమీటర్ల దగ్గర చేను, రోడ్డు, టిప్పరు, టవరు, ఆవిరి, పత్తి ఏరే చెయ్యి, ఒక్క ఫ్రేమ్‌లో ఇన్నీ పడతాయి. దేన్నీ దేని నుంచీ విడదీయకుండా చూపించడం వైడ్ లెన్స్ పని.

మధ్యాహ్నం ఎండ నిటారుగా ఉంది. ఇది పరికరాలు చూసుకునే వేళ. ఎఫ్16 పెట్టి, ఫోకస్ తప్పించి, ఖాళీ ఆకాశాన్ని ఒక ఫొటో తీస్తాను. తెర మీద పెద్దది చేసి మూల నుంచి మూలకు జరుపుతాను. ఎడమ పక్క పైన ఒక మసక చుక్క, సెన్సార్ మీద రేణువు. ఎఫ్2.8 దగ్గర అది కనబడదు, ఎఫ్16 దగ్గర దాక్కోలేదు. క్లీనింగ్ మెనూలో అద్దం పైకి లేపి, కెమెరాను నేలకు వంచి, రబ్బరు బ్లోయర్‌తో గాలి కొడతాను. నోటితో ఊదితే తుంపర పడుతుంది, తుడుద్దామని గుడ్డ పెడితే రేణువు గీత గీస్తుంది. బొగ్గు పొడిని ముందు గాలితో లేపాలి, ఆ తరువాతే గుడ్డ. లెన్స్ ముందు అద్దానికీ ఇదే వరుస. మళ్ళీ ఆకాశం ఫొటో. చుక్క లేదు.

*

సాయంత్రం వెలుతురు మెత్తబడ్డాక ఇందారం చౌరస్తా. చాయ్ హోటలు ముందు బెంచీల మీద పొద్దుటి షిఫ్టు దిగి, ఊరి పనులు చూసుకుని వచ్చినవాళ్ళు. కొందరి కనురెప్పల అంచున, స్నానం చేసినా పోని సన్నటి నల్లగీత. అల్లం వాసన, ఉడుకుతున్న పాల వాసన, దూరం నుంచి డీజిల్ వాసన. ఇప్పుడు కెమెరాకు ఉన్నది అన్నింటికంటే చిన్న లెన్స్, 35 మిల్లీమీటర్లు, ఎఫ్1.8, బరువు 200 గ్రాములు. ఈ సెన్సార్ మీద ఇంచుమించు మామూలు కంటి చూపు.

ఈ లెన్స్‌తో దూరంగా ఉండి ఏమీ చేయలేను. ముఖం కావాలంటే బెంచీ మీద పక్కన కూర్చోవాలి. కూర్చుంటే మాట్లాడాలి. మాట్లాడితే అడగాలి.

“ఫొటో తియ్యాల్నా అన్నా?”

“నాదా? నాదెందుకు? తియ్యిగని, టోపీ పెట్టుకోమంటవా?”

“నీ ఇష్టం. నువ్వెట్లుంటవో అట్ల.”

చాయ్ గ్లాసు బెంచీ మీద పెట్టి, చొక్కా కాలరు సర్దుకుని కూర్చున్నాడు. వెనక సున్నం గోడ, మీద హోటలు రేకుల నీడ. ఎండ నేరుగా పడని చోటు కావడంతో వెలుతురు ఎదురు రోడ్డు నుంచి మెత్తగా ముఖం మీదికి వస్తోంది. ఎఫ్1.8 పెట్టను. ఇంత దగ్గర ఒక కన్ను తేటగా, రెండోది మసకగా పడుతుంది. ఎఫ్2.8. ఫోకస్ దగ్గరి కంటి మీద. ఇక్కడా మీటరు ముఖాన్ని తెల్లబరచాలని చూస్తుంది, మూడింట రెండు వంతుల మెట్టు తగ్గిస్తాను. ముఖం దాని రంగులోనే ఉండాలి. హోటలు ట్యూబు వెలిగింది. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకు వందసార్లు హెచ్చుతగ్గులవుతుంది. షటర్ వందో వంతుకు తెస్తే ఒక ఫ్రేమ్ పసుపు, ఒక ఫ్రేమ్ నలుపు రాకుండా ఉంటుంది.

అతను మొదట బిగుసుకున్నాడు. నేను కెమెరా కంటి నుంచి దించి బొగ్గు బాయి సంగతులు అడిగాను. తండ్రి తట్టా చెమ్మస్ (గంప, పార) పట్టి బొగ్గు నింపిన కాలం, తను యంత్రం మీద పనిచేస్తున్న కాలం. తండ్రి మాట రాగానే ముఖం మారింది. అప్పుడు నొక్కాను.

“మా బాపు ఫొటో, బాయిల పని చేసేటప్పటిది, ఒక్కటి లేదన్నా ఇంట్ల,” అన్నాడు. “పెండ్లిది ఉన్నది, చచ్చిపోయినంక పెద్దగ చేపిచ్చింది ఉన్నది. పనిది లేదు.”

భూగర్భ గనిలోకి మామూలు కెమెరా పోదు. అక్కడ మీథేన్ ఉంటుంది, బ్యాటరీ నుంచి ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ కట్టడి వందలమంది ప్రాణాల కోసం, దానికి తలవంచాలి. కానీ మొగులు కిందికి వచ్చిన మనిషిని ఆపే నియమం ఏదీ లేదు. ఫొటోగ్రాఫర్ సెబాస్టియావో సల్గాడో 1989లో ధన్‌బాద్ బొగ్గు గనుల కార్మికులను తీశాడు. ఆ ఫొటోల్లో కొందరు కార్మికులు అతనివైపు నేరుగా చూస్తారు, అంత దగ్గరగా అతను ఉన్నాడు. మన దగ్గర వరంగల్‌కు చెందిన భరత్ భూషణ్ తెలంగాణ పల్లె మనుషులను, వాళ్ళ బతుకమ్మలను కెమెరాతో దాచిపెట్టి 2022లో వెళ్ళిపోయారు. ఇద్దరి ఫొటోల్లోనూ కనిపించేది పరికరం గొప్పతనం కాదు, వాళ్ళు కూర్చున్న దగ్గరితనం.

సూర్యుడు దిగాక ఇంకో ఇరవై నిమిషాల పని ఉంది. మళ్ళీ పెగడపల్లి గట్టు. ట్రైపాడ్ మూడు కాళ్ళూ మట్టిలో గుచ్చి, మధ్య కొక్కేనికి సంచి వేలాడదీస్తాను, గాలికి కదలకుండా. ఐఎస్ఓ 100, ఎఫ్8, పది సెకన్లు. లెన్స్‌లోని వైబ్రేషన్ రిడక్షన్ ఆఫ్. నొక్కిన వేలి అదురు కూడా తగలకుండా రెండు సెకన్ల టైమరు. ఆకాశం ముదురు నీలం, ప్లాంటు దీపాలు పసుపు, చిమ్నీ మీద ఎర్ర దీపాలు. ఆకాశం, దీపాలు రెండూ సమానంగా వెలిగే ఈ కొద్దిసేపు దాటితే ఆకాశం నల్లబడి ఫొటోలో వట్టి దీపాలే మిగులుతాయి. పది సెకన్లలో ఆవిరి మడతలన్నీ కలిసిపోయి ఒకే తెల్లటి ధారగా పడింది.

ఇంటికి చేరాక సంచి వెంటనే తెరవను. చల్లబడిన అద్దం వంటింటి వెచ్చటి గాలికి చెమర్చుతుంది. సంచి మూసి ఉంచి, గది వేడికి అలవాటు పడనిచ్చి, కార్డు మాత్రం పక్క అర నుంచి తీసి రెండు చోట్ల కాపీ చేస్తాను. ఈ బాడీలో కార్డుకు ఒక్కటే గది, కాబట్టి రెండో కాపీ ఆ రాత్రే కావాలి. తరువాత ఫొటోలు ఏరుతాను. మొసలిది ఒకటి, టవర్లది ఒకటి. చాయ్ హోటలు దగ్గర తీసినవి అన్నీ ప్రింటుకు పంపుతాను. గోదావరిఖనిలో స్టూడియోలు ఇంకా మంచి కాగితం మీద వేస్తున్నాయి. వచ్చే వారం ఆ బెంచీ దగ్గరికి వెళ్ళి, ఎవరిది వాళ్ళకు ఇవ్వాలి. ఫోనులో పంపిన ఫొటో ఫోను మారితే పోతుంది, కాగితం గోడ మీద ఉంటుంది.

1871లో ఇల్లందు దగ్గర విలియం కింగ్ బొగ్గు జాడ పట్టుకున్న నాటి నుంచి ఈ నేల ఎన్ని టన్నులు ఇచ్చిందో లెక్కలున్నాయి. చెమ్మస్‌తో నింపిన తరం పింఛన్లు తీసుకుంటోంది. యంత్రాల తరం కూడా రేపు మారుతుంది. వాళ్ళ పని రోజుల ముఖాలు వాళ్ళ ఇళ్ళలోనే లేవు.

మన మంచిర్యాల, గోదావరిఖని పిల్లలు మొదటి కెమెరా కొంటూ ఏ లెన్స్ తీసుకోవాలని అడుగుతుంటారు. అందరి కన్నూ పెద్ద తెల్లటి, నల్లటి గొట్టాల మీదే. నేను చెప్పేది ఒకటే. బాడీ సెకండ్‌హ్యాండ్‌ది చాలు. దానికి ఒక 35 కొనండి, ఒక బ్లోయర్ కొనండి. మొసలి దగ్గరికి తరువాత వెళ్దాం. దానికి దూరమే మేలు, అది వేచి ఉంటుంది. ముందు ఇంట్లో షిఫ్టు దిగి వచ్చిన నాన్న ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చోండి. ఆయన్ని అడిగి తీయండి, ప్రింటు వేయించి ఆయన చేతికే ఇవ్వండి.